పదిహేడో అధ్యాయం దగ్గర ఆగిన నవల

ప్రశ్న

కోనసీమ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. చేతిరాత ముత్యాల్లా ఉంది, పద్దులు రాసే చెయ్యి మరి. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు కాబట్టి అంబాజీపేట చుట్టుపక్కల ఒక కొబ్బరి కొట్లో గుమాస్తా అని మాత్రం చెప్తాను. వయసు 47. ఇంట్లో భార్య, డిగ్రీ చదివే కూతురు, డెబ్బై దాటిన తల్లి.

2020లో లాక్‌డౌన్‌కి కొట్టు మూతపడితే, ఖాళీగా ఉన్న లాంగ్ నోటుబుక్కుల్లో ఆయన ఒక నవల మొదలుపెట్టారు. 1996 నవంబరు 6 నాటి తుపానుకి ముందూ వెనకా, సముద్రానికి దగ్గర్లోని ఒక ఊళ్లో జరిగే కథ. ఏడాదిన్నరలో 31 అధ్యాయాలు, ఆరు నోటుబుక్కులు నిండాయి. ఆ ఏడాదిన్నరా భోజనం సంగతి కూడా గుర్తుండేది కాదట. తర్వాత దాన్ని ఫోనులోకి ఎక్కిస్తూ దిద్దడం మొదలుపెట్టారు. నాలుగేళ్లయింది, ఇంకా అవలేదు. "మొదటి అధ్యాయం ఒక్కటే 23 సార్లు మార్చానండీ. 16వ అధ్యాయం దాకా వస్తాను. అక్కడికొచ్చేసరికి ఉత్సాహం చచ్చిపోతుంది. కొన్నాళ్లు వదిలేసి మళ్లీ ఒకటో అధ్యాయం నుంచి మొదలెడతాను" అంటారు.

కారణాలు ఆయనే చెప్పారు. కొట్టు కట్టి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. నోటుబుక్కులు చదివిపెట్టిన ఒక రిటైరైన మాస్టారు "నవలకి యాస పనికిరాదు" అని భాషంతా మార్చేశారు. ఒక పోటీకి పంపితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పండక్కొచ్చిన బావమరిది "ఏమండోయ్ రచయితగారూ, ఇంతకీ తుపాను తీరం దాటిందా?" అని అందరి ముందూ అన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనకోడలు, విదేశాల్లో నవంబరు నెలలో 50 వేల మాటలు రాసే పద్ధతి ఒకటుందని చెబితే, మూడేళ్లుగా ప్రతి నవంబరు ఒకటిన మొదలుపెట్టి వారం తిరక్కుండా ఆపేస్తున్నారు.

"విశ్వనాథవారు వేయిపడగలు 29 రోజుల్లో చెప్పేశారట. నాకు దిద్దడానికే నాలుగేళ్లు. అసలు నేను రాయగలిగినవాణ్ణేనంటారా? ఉత్సాహం నిలబెట్టుకునే కిటుకేదైనా ఉంటే చెప్పండి." ఇదీ ప్రశ్న. మొదటి అధ్యాయం మూడు రూపాల్లోనూ, 17వ అధ్యాయం నకలూ ఉత్తరంతో జతచేశారు.

సమాధానం

అయ్యా, నమస్కారం.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీరడిగిన కిటుకులే రాద్దామని కూర్చున్నాను. తెల్లవారుజామున లేవండి, ఫోను అవతల పెట్టండి, రోజుకో పేజీ అనుకోండి అని. ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. అవి తెలిసి కూడా నా సొంత నవల ఒకటి పెట్టెలో పన్నెండేళ్లుగా మూడో అధ్యాయం దాటలేదు, అందులో ఇప్పటికీ వాన కురుస్తూనే ఉంది. అందుకని పెన్సిలు పట్టుకుని మీ ఉత్తరం రెండోసారి చదివాను. మూడుచోట్ల గీత గీశాను.

నాలుగు పేజీల్లో మాస్టారికి ఒక పేజీ వెళ్లింది. బావమరిదికి అరపేజీ. తుపాను మీద నవల రాసిన మీరు, ఆ రాత్రి గురించి నాకు రాసింది ఒకే ఒక్క వాక్యం: "ఆ రాత్రి నాన్న దూడని విప్పడానికి పాకలోకి వెళ్లాడు." దాని పక్క వాక్యంలో మళ్లీ మాస్టారొచ్చేశారు. వెళ్లినాయన తిరిగొచ్చారో లేదో రాయలేదు. నేనూ అడగను. ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పినచోట నాన్నగారి ప్రస్తావన లేదు, అంతవరకే చూశాను.

రెండో గీత మీ 17వ అధ్యాయం మీద. మిగతా అధ్యాయాలు పదీ పన్నెండేసి పేజీలని మీరే అన్నారు. ఇది రెండే పేజీలు. తుపాను రాత్రి ఇదే కదా, నవలంతా నడిచి వచ్చేది ఇక్కడికే కదా అని ఆత్రంగా తిప్పాను. వెయ్యిమందికి పైగా పోయారు, లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, ప్రభుత్వం పునరావాస చర్యలు చేపట్టింది. అన్నీ నిజాలే. పేపర్లో చదివినట్టే ఉన్నాయి. మొదటి అధ్యాయంలో అంతసేపు మాట్లాడిన తల్లి ఇక్కడ ఒక్క మాటా మాట్లాడదు. కథలోని కుర్రాడు ఎక్కడున్నాడో తెలీదు.

మూడోది నవంబరు. మీరు ఒకటో తారీఖున మొదలుపెట్టి వారంలోపు ఆపేస్తున్నారు. ఆరో తారీఖు ఆ వారంలోనే ఉంది.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది ఊహ. నాలుగు పేజీలు చూసి మనిషిని చదివేశాననుకోవడం మా పనిలో ఉన్న పొగరు, తప్పయితే చింపేయండి. నాకనిపిస్తున్నది ఇదీ: ఉత్సాహం లేనివాడు ఒకే అధ్యాయాన్ని 23 సార్లు రాయడు. మీకు 16 అధ్యాయాలకీ సరిపడా ఉత్సాహం ఉంది, ప్రతిసారీ ఉంది. ఆ పశువుల పాక కనపడే దూరానికి వచ్చేసరికి అడుగు పడ్డంలేదు. వెనక్కి తిరిగి, బాగా తెలిసిన మొదటి అధ్యాయం ఊడుచుకుంటూ కూర్చుంటున్నారు.

దాని దగ్గరికి వెళ్లేముందు చిల్లర చిక్కులు విప్పేద్దాం. ఇవీ బరువే, కాదనను.

మొదటి అధ్యాయం. మీరు పంపిన మూడు రూపాల్లో మొదటి వాక్యం పక్కపక్కన పెట్టుకున్నాను. మూడో రూపంలో: "అమ్మ ఎసట్లో బియ్యం పోసిందో లేదో, కరెంటు పోయింది." పదకొండో రూపంలో, మాస్టారి చెయ్యి పడ్డాక: "తల్లి వంటకు ఉపక్రమించగానే విద్యుత్ సరఫరా నిలిచిపోయింది." ఇరవై రెండో రూపంలో: "అమ్మ ఎసట్లో బియ్యం పోసిందో లేదో కరెంటు పోయింది." అంటే 19 రూపాల తర్వాత మళ్లీ మూడో దానికే వచ్చారు, ఒక కామా తగ్గింది. తీసేసిన మాటని మళ్లీ పెట్టడం మొదలైందంటే ఆ అధ్యాయంతో పని అయిపోయినట్టే. దాన్ని ఇక ముట్టుకోకండి. ముట్టుకోకుండా ఉండలేకపోతే మీ అమ్మాయికి ఇచ్చి దాచమనండి.

రోజువారీ పద్దులు రాసే చిట్టాకీ, ఖాతాలవారీగా ఎక్కించే ఆవర్జాకీ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. చిట్టాలో కొట్టివేతలుంటాయి. రోజు ముగిసి నిల్వ తేలాకే ఆవర్జాకి ఎక్కిస్తారు. మీరు 17వ అధ్యాయం నిల్వ తేలకుండానే ఒకటో అధ్యాయాన్ని ఆవర్జాకి ఎక్కిస్తున్నారు, కొట్టేస్తున్నారు, మళ్లీ ఎక్కిస్తున్నారు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని 31 వరసలు రాయండి, అధ్యాయానికొకటి. ఈ అధ్యాయంలో ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. అంతే, వరస దాటొద్దు. ఏమీ మారని అధ్యాయాలు రెండో మూడో బయటపడతాయి. వాటిలో వాక్యాలు చెక్కడం వృథా, అసలు అధ్యాయమే ఉండాలో లేదో తేలాలి. తర్వాత సన్నివేశాలు, ఆ తర్వాత పైకి చదువుకుంటూ వాక్యాలు. అక్షరదోషాలు ఆఖర్న. ఈ వరస తిరగేస్తే ఎవరికైనా ఓపిక అయిపోతుంది. రేపు కొట్టేయబోయే పేజీలో ఒత్తులు సరిచేస్తూ నాలుగేళ్లు గడపొచ్చు.

మాస్టారి సంగతి. ఆయన మీ శత్రువు కాదు. మీరు ఒకచోట "వెళ్ళాడు", ఇంకోచోట "వెళ్లాడు" రాస్తారు, ఆయన పట్టుకున్నారు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. ళ, ల దగ్గర ఆయన పెట్టిన ఎర్రగుర్తులన్నీ ఉంచుకోండి. "ఉపక్రమించగానే" మాత్రం తిరిగి ఇచ్చేయండి. ఎసట్లో బియ్యం పోసే తల్లికి ఒక పొయ్యి ఉంది, వేడి ఉంది, ఆ రాత్రి ఆ అన్నం ఎవరూ తినలేదన్నది మీ నవల్లో తర్వాత వస్తుంది. వంటకు ఉపక్రమించే తల్లి దగ్గర ఆ అన్నం లేదు. అయితే మాస్టారికి యాస మీద విసుగెందుకొచ్చిందో కూడా చూడాలి. మీ మొదటి అధ్యాయంలో ముసలమ్మ ఆయ్ అంటుంది, చేపలవాడు ఆయ్ అంటాడు, ఎక్కణ్ణుంచో బదిలీ మీద వచ్చిన ఎమ్మార్వో కూడా ఆయ్ అంటాడు. అది గోదావరి యాస కాదండీ, గోదావరి యాస మీద సినిమావాళ్లు వేసే వేషం. ఎవరి మాట వాళ్లకివ్వండి. కథ చెప్పే గొంతు మాత్రం నాకు ఉత్తరం రాసిన గొంతే ఉండనివ్వండి, అది చాలా బాగుంది.

వేయిపడగలు గురించి. 29 రోజుల మాట నిజమే, నేనూ విన్నాను. కానీ ఆయన చెబుతూ ఉంటే తమ్ముడుగారు ఎదురుగా కూర్చుని రాసుకున్నారు. మీరు రోజులు లెక్కపెట్టారు గానీ ఆ తమ్ముణ్ణి లెక్కపెట్టలేదు. ఎదురుగా వినే మనిషి ఉంటే వాక్యం ఆగదు. కందుకూరివారు రాజశేఖర చరిత్రాన్ని మన రాజమండ్రిలోనే 1878లో తన వివేకవర్ధని పత్రికలో విడతలుగా వేస్తూ వచ్చారు, పుస్తకం 1880లో వచ్చింది. తర్వాతది ఏదని అడిగే పాఠకుడు ఉండేవాడు ఆయనకి. మీకు నాలుగేళ్లుగా ఎవరున్నారు? తప్పులు పట్టే మాస్టారు, వేళాకోళం చేసే బావమరిది, జవాబివ్వని పోటీ. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంది. ఆదివారం అరగంట ఆవిడకి చదివి వినిపించండి. దిద్దమని కాదు, తర్వాతేమైందో అడగమని. ఇందులో చిక్కు లేకపోలేదు. ఆ పిల్ల వింటున్నది వాళ్ల తాతయ్య కథ అని ఎక్కడో తెలిసిపోతుంది. దానికి మీరు సిద్ధపడాలి.

వేళ సంగతి చిన్నది. రాత్రి తొమ్మిది తర్వాత పద్దులు చూసిన కళ్లతో నవల దిద్దకండి, అన్నీ తప్పులే కనిపిస్తాయి. తెల్లారి కొబ్బరికాయలు దింపేవాళ్లు రాకముందు ముప్పావుగంట దొరికితే అది. అదీ కుదరకపోతే ఆదివారం మూడు గంటలు. రోజూ కొంచెం అయితే కథ చెయ్యిదాటిపోదు గానీ ఒక్కరోజు తప్పితే మీరు మిమ్మల్ని తిట్టుకునే రకం. ఆదివారం పద్ధతిలో తిట్లు తక్కువ, కానీ ప్రతివారం మొదటి అరగంట గుర్తుచేసుకోడానికే పోతుంది. దసరా నుంచి కార్తీకం దాకా సరుకు ఎగుమతి హడావుడిలో ఏదీ పెట్టుకోకండి. నవంబరులో అసలు వద్దు. మేనకోడలికి చెప్పండి, అక్కడివాళ్లకి అది ఒట్టి నెల, మనకి కాదు అని.

ఇప్పుడు 17వ అధ్యాయం.

ఒక దారి, రాసెయ్యడం. సంక్రాంతి వెళ్లాక, ఒక ఆదివారం, ఫోనులో కాకుండా నోటుబుక్కులో. 16 నుంచి నడుచుకుంటూ రాకండి, నేరుగా ఆ పాక దగ్గర మొదలుపెట్టండి. కాలికి తగిలిందేంటి, లాంతరు ఎవరు పట్టుకున్నారు, పలుపు ముడి తడిసి బిగుసుకుందా. గాలి ఎన్ని కిలోమీటర్ల వేగమో ఎవరికీ అక్కర్లేదు. ఎవరికీ చూపించనని ముందే అనుకుంటే చెయ్యి కదులుతుంది. దీనికి ఖరీదు ఉంటుంది. నాలుగైదు రోజులు నిద్ర పట్టకపోవచ్చు, మర్నాడు కొట్లో లెక్క తప్పొచ్చు. ఇంట్లో మనుషులున్నప్పుడే రాయండి, ఏం రాస్తున్నారో మీ ఆవిడకి ముందుగా చెప్పండి. నిద్రలేమి వారాలు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లండి, జ్వరానికి వెళ్లినట్టే.

ఇంకో దారి, రాయకపోవడం. 16వ అధ్యాయం ఆ సాయంత్రంతో ముగించి, 17వది మర్నాడు పొద్దున్న మొదలుపెట్టొచ్చు. ఆకాశం కనిపించని తోటలో ఒక్కసారిగా ఆకాశం కనిపిస్తుంది, ఎందుకంటే పైన ఆకుల్లేవు. మధ్యలో రాత్రి పాఠకుడికి వదిలేస్తారు. ఇది పారిపోవడం కాదు, చాలా మంచి పద్ధతి, ఒక షరతు మీద. మర్నాటి పొద్దున్న మనుషులు ఒకరినొకరు చూసుకునే తీరులో ఆ రాత్రంతా ఉండాలి. అది రాయడం రాత్రిని రాయడం కంటే తేలికని నేను మాటివ్వలేను. ఇప్పుడున్న రెండు పేజీలు మాత్రం ఉంచకండి. చూపించడమూ కాదు, దాచడమూ కాదు అవి.

మూడోది, అమ్మగారిని అడగడం. ఆ రాత్రి ఆవిడకీ ఉంది. మీరు 18 ఏళ్ల కుర్రాడిగా చూసింది ఒకటి, ఆవిడ చూసింది ఇంకొకటి. కథని తల్లి కళ్లతో చెప్పించొచ్చు, అప్పుడు మీకు కొంచెం ఎడం దొరుకుతుంది. కానీ అడిగాక, మీకు తెలియనిది ఏదైనా బయటపడొచ్చు. మీరు వెళ్తానంటే ఆయనే ఆపారేమో, ఆవిడే పంపించిందేమో. 29 ఏళ్లుగా మీ మీద పడనివ్వకుండా ఆవిడే మోసిన బరువు కావచ్చు. నోటుబుక్కు చేతిలో పట్టుకుని అడగొద్దు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నప్పుడో ఎప్పుడో, మాట దానంతటది వస్తే వినండి. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోతే అదే జవాబు, మళ్లీ ఎత్తకండి. ఆవిడ చెప్పింది నవల్లో పెట్టేముందు ఆవిడకి ఒకసారి చదివి వినిపించాలి. ఇది మర్యాద కోసం కాదు. అది ఆవిడ సొత్తు.

నాలుగోది, అటకెక్కించడం. గండేరా, గటగటా అని కొబ్బరి రకాలకి రోజూ రేట్లు రాసుకునే మీకు కురిడీ గురించి, అంటే చిప్పలోనే ఎండిన కొబ్బరి గురించి, నేను చెబితే నవ్వుతారు. అయినా చెబుతాను, చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో చూశాను. కాయల్ని అటక మీద పోసి నెలల తరబడి ఎవరూ ముట్టుకునేవారు కాదు. లోపల నీళ్లు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలేదాకా అంతే. అప్పుడొకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది పెద్దమ్మ. గుడుగుడుమని నీళ్లు పలికితే మళ్లీ పైకి. గట్టిగా, పొడిగా మోగితే దించేది. లోపల ఎలా ఉందో చూద్దామని రోజుకో కాయ కొట్టుకుంటూ పోతే కురిడీ అవదు. మీరు నాలుగేళ్లుగా రోజూ కొడుతున్నారు. ఒక ఏడాది నవలని పూర్తిగా వదిలెయ్యండి, ఆరు నోటుబుక్కులూ గుడ్డలో కట్టి. ఈలోగా కొట్టు మీద, దింపువాళ్ల మీద చిన్న కథలు రాసుకోండి. నష్టం ఏంటంటే, దించే తేదీ గోడ కేలండరు మీద రాసి పెట్టకపోతే ఏడాది పన్నెండేళ్లవుతుంది. నా పెట్టె సంగతి ముందే చెప్పాను.

అయిదోది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను: మానెయ్యొచ్చు. ఆరు నోటుబుక్కులు నిండాయి, మీ ఇంట్లో ఉన్నాయి, మీ అమ్మాయి ఎప్పుడో చదువుకుంటుంది. అచ్చవని నవలకి విలువ లేదని ఎక్కడా రాసిపెట్టి లేదు. మానేస్తే ఆదివారాలు మీవవుతాయి, బావమరిదికి చెప్పుకోడానికి వేరే జోకు వెతుక్కోవాల్సి వస్తుంది. మీ ఉత్తరం చదివితే మాత్రం మీరు మానెయ్యగలరని నాకు అనిపించలేదు. మానేసేవారు మూడు రూపాలు జిరాక్సు తీయించి పోస్టులో పంపరు.

నన్నడిగితే నేను రెండో దారి వైపు మొగ్గుతాను, మర్నాటి పొద్దున్న వైపు. ముందు అది రాస్తే, ఆ రాత్రి రాయాలో లేదో దానంతటదే తేలొచ్చు. కానీ ఆ పాకలోకి వెళ్లినాయన మీ నాన్న. దారి మీరే చూసుకోవాలి.

రాయగలిగినవాణ్ణేనా అని అడిగారు. ఎసట్లో బియ్యం వాక్యం చదివాక నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు మా వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. దీనికి ఇంతకంటే జవాబు నాకు తెలీదు.

ఇంకొక్క చిన్న సంగతి. దూడ అన్నారు, ఆవుదో గేదెదో చెప్పలేదు. ఇంట్లో పుట్టిన దూడకి పేరు పెట్టకుండా ఉండరు మన ఊళ్లలో. ఉత్తరంలోనూ లేదు, 17వ అధ్యాయంలోనూ లేదు. ఆ పేరేంటో నాకు రాయనక్కర్లేదు, నోటుబుక్కులో ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోండి.